తనను తాను చదువుకొనే భాష

భాషను గురించి మాట్లాడటానికి కూడా భాషే సాధనం. అయితే మాట్లాడే భాష, ఏ భాషను గురించి మాట్లాడుతున్నారో ఆ భాష ఒకటే కావచ్చు, వేర్వేరు కావచ్చు. సంప్రదాయం నన్నయభట్టుకు ఆపాదించే ఆంధ్రశబ్దచింతామణి తెలుగు వ్యాకరణమే అయినా దాని సూత్రాలు సంస్కృతంలో ఉన్నాయి. 1858లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రాలు తెలుగులోనే ఉన్నాయి. మొదటి గ్రంథంలో తెలుగు పరీక్షకు నిలిచిన భాష మాత్రమే. రెండవ గ్రంథంలో పరీక్షించేదీ తెలుగే, పరీక్షకు నిలిచేదీ తెలుగే.

ఉత్తరాంధ్రలో ఈ విషయానికి మరొక నిదర్శనం ఉంది. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ఆ పరిసరాల కొండలలో నివసించే సవరల భాషను శ్రమించి నేర్చుకొన్నారు. సవర పిల్లల చదువు కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు. సవర భాషకు ఆయన రచించిన సమగ్ర వ్యాకరణం 1931లో ఆంగ్లంలో వెలువడింది. భాషాశాస్త్రానికి అది అపూర్వమైన కానుక. అయినా తన భాష నిర్మాణాన్ని తెలుసుకోదలచిన సవర యువకుడు ముందుగా ఆంగ్లం నేర్చుకోవలసిందే. ఒక భాష తనను తాను వివరించుకోలేనప్పుడు మరొక భాష మధ్యవర్తిగా నిలుస్తుంది. మధ్యవర్తి ఎంత సమర్థుడైనా, అతని వద్దకు వెళ్లి రావలసిన దూరం మాత్రం తప్పదు.

కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఒక ప్రోగ్రాంలోని దోషాలను వెదికేది మరొక ప్రోగ్రాం. హానికరమైన ప్రోగ్రాంను గుర్తించేదీ, మనుషులు రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేదీ ప్రోగ్రాంలే. అంటే ప్రోగ్రాంలను చదివే ప్రోగ్రాంలు లేకుండా ఈనాటి కంప్యూటర్ వ్యవస్థ నడవదు. మరి ఒక ప్రోగ్రాం మరొక ప్రోగ్రాంను చదవాలంటే మధ్యవర్తి కావాలా? ఏ మధ్యవర్తీ లేకుండా, తన భాషలోనే, తనను తాను కూడా చదువుకోగల ప్రోగ్రాం సాధ్యమా? సాధ్యమేనని, అందుకు ఒకే ఒక గుర్తు చాలునని నిరూపించిన పద్ధతికి వృక్షగణనం అని పేరు. ఆస్ట్రేలియాకు చెందిన గణన శాస్త్రవేత్త బ్యారీ జే 2021లో ప్రచురించిన గ్రంథంలో దీనిని సవిస్తరంగా ప్రతిపాదించారు.

ప్రమేయాల మార్గం

గణితంలో ప్రమేయం అంటే ఒక విలువను స్వీకరించి మరొక విలువను ఇచ్చే నియమం. ఏ విలువను ఇచ్చినప్పుడు ఏ ఫలితం వస్తుందో అది ఎన్నిసార్లు అడిగినా మారదు. ప్రోగ్రాంలను ఇటువంటి ప్రమేయాలుగా భావించి రాసే పద్ధతికి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని పేరు. ఈ పద్ధతికి పునాదులు కంప్యూటర్ పుట్టకముందే పడ్డాయి.

జర్మనీలోని గోటింగెన్ నగరంలో మోజెస్ షోన్‌ఫింకెల్ అనే తర్కశాస్త్రవేత్త 1920లో ఒక ఉపన్యాసం చేశాడు. అది 1924లో వ్యాసరూపంలో వెలువడింది. తర్కంలోని వాక్యాలన్నింటినీ అతి కొద్ది మూలప్రమేయాల కలయికతో నిర్మించవచ్చునన్నది దాని సారాంశం. అమెరికాకు చెందిన హాస్కెల్ కర్రీ ఈ మార్గాన్నే విస్తరించాడు. ఆ మూలప్రమేయాలలో ముఖ్యమైనవి ఎస్, కె అనే రెండు. గణన యంత్రం చేయగల ప్రతి పనినీ ఈ రెండింటి కలయికతోనే చేయవచ్చు. 1936లో అలాన్జో చర్చ్, అలన్ ట్యూరింగ్ వేర్వేరు మార్గాలలో గణన స్వరూపాన్ని నిర్వచించారు. పైకి భిన్నంగా కనిపించే ఈ మార్గాలన్నీ సమాన శక్తి కలవేనని తేలింది.

రెండు మూలప్రమేయాలతో ప్రపంచంలోని గణన అంతా సాధ్యమైనప్పుడు మరొక పద్ధతితో ఏమి ప్రయోజనం అన్న సందేహం సహజం. ఎస్, కె లతో ఏ గణనైనా చేయవచ్చు కాని, వాటితో కట్టిన ప్రోగ్రాం లోపలికి తొంగిచూడటం సాధ్యం కాదు. దానికి ఏదో ఒకటి ఇచ్చి, అది ఏమి తిరిగి ఇస్తుందో గమనించడమే సాధ్యం. మూసిన పెట్టెను ఊపి లోపల ఏముందో ఊహించడం వంటిది ఆ పని.

ఈ ఇబ్బందిని దాటడానికి పూర్వులు మధ్యవర్తులను ఆశ్రయించారు. సవర వ్యాకరణం వెలువడిన 1931లోనే కుర్ట్ గోడెల్ అనే గణితవేత్త తర్కవాక్యాలను అంకెలుగా మార్చి, ఆ అంకెల ద్వారా వాక్యాలను గురించి మాట్లాడే ఉపాయాన్ని లోకానికి అందించాడు. జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన ప్రారంభించిన లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒక ప్రోగ్రాంను నడపకుండా కేవలం చదవాలంటే దానికి ఒక ప్రత్యేక చిహ్నం తగిలించి ఉటంకించాలి. అంకెలుగా మార్చడమైనా, చిహ్నం తగిలించడమైనా ప్రోగ్రాంను మరొక రూపంలోకి అనువదించడమే. వృక్షగణనం ఈ అనువాదాన్ని అనవసరం చేసింది.

కలయికకు క్రమం

వృక్షగణనంలో అక్షరాలు లేవు, అంకెలు లేవు, ఆంగ్లపదాలు లేవు. ఉన్నది △ అనే ఒకే గుర్తు. ఆ గుర్తులను ఒకదానితో ఒకటి కలపడమే రచన. అయితే దేనిని ముందు కలిపారు, దేనిని తరువాత కలిపారు అన్నది ముఖ్యం.

తెలుగు సమాసాలు తెలిసిన విద్యార్థికి ఈ విషయం కొత్త కాదు. విజయనగరం పట్టణం నడిబొడ్డున ఉన్న చెరువుకు పెద్దచెరువు అని పేరు. 'పెద్దచెరువు గట్టు' అన్నప్పుడు ఆ ఊరివారు ముందుగా పెద్ద, చెరువు అనే పదాలను కలిపి, ఆ తరువాత గట్టును చేరుస్తారు. పెద్దచెరువు యొక్క గట్టు అని అర్థం వస్తుంది. ఆ చెరువు సంగతి తెలియనివాడు చెరువు, గట్టు అనే పదాలను ముందు కలిపి, పెద్దదైన చెరువుగట్టు అని భావించవచ్చు. పదాలు అవే, వాటి వరుస అదే. కలయిక క్రమం మారగానే అర్థం మారింది. విగ్రహవాక్యం చెప్పడమంటే ఈ క్రమాన్ని విప్పి చూపడమే.

వృక్షగణనంలో ఆ క్రమాన్ని కుండలీకరణాలు చూపుతాయి. కుండలీకరణం లేనిచోట ఎడమ నుండి కలుపుకొంటూ పోవాలి. అంటే 'పెద్దచెరువు గట్టు' అన్న మాటను విజయనగరం వారు చదివినట్లు చదవాలి.

ఆకు, కాడ, పంగ

ఏ కొమ్మా లేని ఒంటరి △ ను ఆకు అనవచ్చు. △ కు ఒక వస్తువును కలిపితే ఒకే కొమ్మ గల కాడ ఏర్పడుతుంది. △ △ అటువంటి కాడ. △ కు రెండు వస్తువులను కలిపితే ఎడమ కొమ్మ, కుడి కొమ్మ గల పంగ ఏర్పడుతుంది. △ △ △ అన్నింటికన్న చిన్న పంగ. ఆ కొమ్మల స్థానంలో తిరిగి ఆకులో, కాడలో, పంగలో ఉండవచ్చు. ఈ విధంగా ఎంత పెద్ద వృక్షమైనా పెరుగుతుంది.

ఒక △ రెండు కొమ్మలను మాత్రమే మోయగలదు. ఆకుకు ఒక వస్తువు ఇస్తే కాడ అవుతుంది; కాడకు ఇస్తే పంగ అవుతుంది. అంతవరకు జరిగింది పెరుగుదలే. పంగకు మరొక వస్తువు ఇచ్చినప్పుడు దానిని నిలుపుకొనే చోటు లేదు. అప్పుడు ఆ వృక్షం తన రూపాన్ని మార్చుకోవాలి. ఆ మార్పే గణన. ఎలా మారాలో చెప్పేవే సూత్రాలు. 2021 నాటి గ్రంథంలో సూత్రాలు మూడు. తరువాత ప్రచారంలోకి వచ్చిన రూపంలో మూడవ సూత్రం మూడుగా విడివడి మొత్తం అయిదయ్యాయి. సులభంగా బోధపడే ఆ అయిదింటినే ఇక్కడ పరిశీలించడం ఉచితం. వీటిలో క, గ, చ, ట, త అనే అక్షరాలు ఏ వృక్షానికైనా చెల్లుతాయి.

1. △ △ క గ = క
2. △ (△ క) గ చ = (క చ) (గ చ)
3. △ (△ క గ) చ △ = క
4. △ (△ క గ) చ (△ ట) = గ ట
5. △ (△ క గ) చ (△ ట త) = చ ట త

పంగ ఎడమ కొమ్మ ఆకు అయితే మొదటి సూత్రం వర్తిస్తుంది. కొత్తగా వచ్చిన వస్తువును వదలివేసి కుడి కొమ్మను ఫలితంగా ఇవ్వాలి. శిలాశాసనం ఎవరు వచ్చి చదివినా ఒకే మాట చెప్పినట్లు, ఈ పంగ దేనిని ఇచ్చినా ఒకే ఫలితాన్ని ఇస్తుంది.

ఎడమ కొమ్మ కాడ అయితే రెండవ సూత్రం వర్తిస్తుంది. కొత్తగా వచ్చిన వస్తువు రెండు ప్రతులై, ఒకటి కాడలోని క కు, మరొకటి కుడి కొమ్మ అయిన గ కు అందుతుంది. ఆ రెండు ఫలితాలలో మొదటిది రెండవదానిని స్వీకరిస్తుంది. ఒకే వస్తువును రెండు చోట్ల వాడుకొనే అవకాశం ఈ సూత్రం వలన కలుగుతుంది.

ఎడమ కొమ్మ కూడా పంగ అయితే చివరి మూడు సూత్రాలు వర్తిస్తాయి. ఇక్కడ కొత్తగా వచ్చిన వస్తువు ఆకా, కాడా, పంగా అని చూడాలి. ఆకు అయితే క, కాడ అయితే గ, పంగ అయితే చ పనిలోకి దిగుతాయి. కాడలోని కొమ్మ గ కు, పంగలోని రెండు కొమ్మలు చ కు అందుతాయి. పద్యానికి గణవిభజన చేసే విద్యార్థి అక్షరం అర్థాన్ని పట్టించుకోకుండా, అది లఘువో గురువో చూసి మాత్రమే గుర్తు పెడతాడు. ఈ సూత్రాలు కూడా వచ్చిన వృక్షం ఏమి చేస్తుందో విచారించవు; దాని ఆకారాన్ని మాత్రమే చూస్తాయి. వృక్షగణనం విశిష్టత అంతా ఈ చూపులోనే ఉంది.

ఒక చిన్న ప్రోగ్రాం

నిజాన్ని అబద్ధంగా, అబద్ధాన్ని నిజంగా మార్చే ప్రోగ్రాంను ఉదాహరణగా తీసుకోవచ్చు. ముందుగా ఒక ఒప్పందం అవసరం. △ అనే ఆకును అసత్యమనీ, △ △ అనే కాడను సత్యమనీ అనుకోవాలి. అప్పుడు 'కాదు' అనే ప్రోగ్రాం ఇలా ఉంటుంది.

కాదు = △ (△ (△ △) (△ △ △)) △

ఇది ఒక పంగ. దీని ఎడమ కొమ్మ కూడా పంగే కనుక చివరి మూడు సూత్రాలలో ఏదో ఒకటి వర్తించాలి. దీనికి అసత్యాన్ని, అంటే △ ను ఇస్తే మూడవ సూత్రం ప్రకారం క స్థానంలోని △ △ ఫలితంగా వస్తుంది. అది సత్యం. సత్యాన్ని, అంటే △ △ ను ఇస్తే నాలుగవ సూత్రం ప్రకారం గ స్థానంలోని △ △ △ కు, ఇచ్చిన కాడలోని △ అందుతుంది. అప్పుడు △ △ △ △ ఏర్పడుతుంది. దీనికి మొదటి సూత్రం వర్తించి △ మిగులుతుంది. అది అసత్యం. కేవలం ఎనిమిది గుర్తులతో నిషేధార్థం సిద్ధించింది.

ఇదే విధంగా సంఖ్యలను కాడల వరుసగా రాయవచ్చు. △ సున్న, △ △ ఒకటి, △ (△ △) రెండు, △ (△ (△ △)) మూడు. ఏ సంఖ్యకైనా ముందు △ ను చేరిస్తే తరువాతి సంఖ్య వస్తుంది. అంటే △ ఒక్కటే ఒక చోట సున్న అనే సంఖ్య, మరొక చోట అసత్యం, ఇంకొక చోట సంఖ్యను ఒకటి పెంచే ప్రోగ్రాం.

ఒకే వృక్షానికి ఇన్ని అర్థాలుంటే గందరగోళం కలగదా? పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. పాఠకుడు ఏ కథను అనుసరిస్తున్నాడో దానిని బట్టి అర్థం స్థిరపడుతుంది. పద్యంలోని అక్షరాలు మాత్రం మారవు. వృక్షగణనంలోనూ అంతే. వృక్షం ఒక్కటే. దానిని మరొక వృక్షానికి అందిస్తే అది పదార్థం. దానికే మరొక వృక్షాన్ని అందిస్తే అది ప్రోగ్రాం. పనిచేసేదానికీ, పనికి లోనయ్యేదానికీ మధ్య స్వరూపభేదం లేదు.

లోపలికి చూసే చూపు

ఇచ్చిన వస్తువును మార్పు లేకుండా తిరిగి ఇచ్చే ప్రమేయాన్ని గణితంలో తత్సమ ప్రమేయం అంటారు. వృక్షగణనంలో దీనిని రెండు విధాలుగా రాయవచ్చు.

అ = △ (△ (△ △)) △
ఆ = △ (△ (△ △)) (△ △)

మొదటిదానికి త అనే వృక్షాన్ని ఇస్తే రెండవ సూత్రం ప్రకారం (△ △ త) (△ త) వస్తుంది. దానికి మొదటి సూత్రం వర్తించి త మిగులుతుంది. రెండవదానికి ఇచ్చినప్పుడు (△ △ త) (△ △ త) వచ్చి, తిరిగి త మిగులుతుంది. కనుక ఈ రెండూ చేసే పని ఒక్కటే. ఇవి పర్యాయపదాల వంటివి. అర్థం ఒకటే అయినా పద నిర్మాణం వేరు.

ఎస్, కె ల పద్ధతిలో కూడా ఇటువంటి జంట ఉంది. ఎస్ కె కె, ఎస్ కె ఎస్ అనే రెండు కలయికలూ తత్సమ ప్రమేయాలే. వాటిని వేరు చేసి చెప్పగల ప్రోగ్రాంను ఎస్, కె లతో కట్టడం అసాధ్యం. రెండూ ఒకే విధంగా ప్రవర్తిస్తాయి; ప్రవర్తన తప్ప మరేదీ ఆ పద్ధతికి కనిపించదు. వృక్షగణనంలో అ, ఆ లను వేరు చేసే ప్రోగ్రాం ఇలా ఉంటుంది.

వ = △ (△ △ △) (△ △ అ)

ఏ పంగను ఇచ్చినా దాని కుడి కొమ్మను విరిచి చేతిలో పెట్టడమే వ చేసే పని. ఇచ్చిన పంగ △ ట త అనుకొంటే అయిదవ సూత్రం ప్రకారం △ △ అ ట త వస్తుంది. మొదటి సూత్రం వలన ట తొలగి అ త మిగులుతుంది. అ తత్సమ ప్రమేయం కనుక చివరకు త వస్తుంది.

ఇప్పుడు వ కు అ ను ఇస్తే దాని కుడి కొమ్మ అయిన △ వస్తుంది. ఒప్పందం ప్రకారం అది అసత్యం. వ కు ఆ ను ఇస్తే దాని కుడి కొమ్మ అయిన △ △ వస్తుంది. అది సత్యం. ప్రవర్తనలో ఏ భేదమూ లేని రెండు ప్రోగ్రాంల మధ్య నిర్మాణభేదాన్ని మూడవ ప్రోగ్రాం ఈ విధంగా గుర్తించింది. వాటిని అంకెలుగా మార్చలేదు, ఏ చిహ్నమూ తగిలించలేదు. పైగా పరీక్షకు వచ్చిన అ, పరీక్షించే వ లో కూడా ఒక భాగంగా ఉన్నది.

ఒక అడుగు ముందుకు వేసి వ కు వ నే ఇవ్వవచ్చు. వ కూడా పంగే కనుక తన కుడి కొమ్మను తానే బయటపెడుతుంది. ఫలితం △ △ అ. ఒక ప్రోగ్రాం తన భాషలోనే తన నిర్మాణంలోని ఒక భాగాన్ని చదివి చెప్పింది. తెలుగు సూత్రాలతో తెలుగును వివరించిన బాలవ్యాకరణం భాషలో సాధించిన స్థితి ఇక్కడ గణనలో సిద్ధించింది. ఈ మార్గంలోనే రెండు ప్రోగ్రాంలు ఆకారంలో ఒకటేనా అని సరిపోల్చే ప్రోగ్రాం, ఒక ప్రోగ్రాం పరిమాణాన్ని కొలిచే ప్రోగ్రాం, మరొక ప్రోగ్రాంను అడుగడుగునా అనుసరించి నడిపే ప్రోగ్రాం కూడా వృక్షాలుగానే నిర్మించవచ్చునని బ్యారీ జే గ్రంథం చూపింది.

పరిమితులు

ఈ చూపుకు కొన్ని హద్దులు ఉన్నాయి. మొదటిది, చదవడానికి ప్రోగ్రాం స్థిరపడి ఉండాలి. ఏ సూత్రమూ వర్తించని స్థితికి చేరిన వృక్షానికి మాత్రమే నిలకడైన ఆకారం ఉంటుంది. ఇంకా మారుతున్న దాని ఆకారాన్ని నిర్ణయించాలంటే ఆ మార్పు ముగిసేవరకు ఆగాలి.

రెండవది మరింత గంభీరమైనది. ఏ ప్రోగ్రాంను చూపినా, దానికి ఏ వస్తువును ఇచ్చినా, దాని గణన ఎప్పటికైనా ముగుస్తుందా లేదా అని తప్పక చెప్పగల ప్రోగ్రాం ఉండజాలదని ట్యూరింగ్ 1936లోనే నిరూపించాడు. వృక్షగణనం ఆ నిర్ణయాన్ని దాటలేదు. నిర్మాణాన్ని చూడగలగడం వేరు, భవిష్యత్తును చెప్పగలగడం వేరు. వ్యాకరణం తెలిసినవాడు పద్యంలోని ప్రతి పదాన్నీ విడదీసి చూపగలడు. ఆ పద్యం ఏ పాఠకుని మనసును ఎలా కదిలిస్తుందో ఆ వ్యాకరణం చెప్పదు.

మూడవది ఆచరణకు సంబంధించినది. 'కాదు' అన్న ఒక్క మాటకే ఎనిమిది గుర్తులు అవసరమైనప్పుడు, నిత్యవ్యవహారంలో వాడే ప్రోగ్రాం ఎంత విస్తరిస్తుందో ఊహించవచ్చు. అందువలన వృక్షగణనాన్ని ఆధారంగా చేసుకొన్న ప్రోగ్రామింగ్ భాషలు తరచుగా వాడే వృక్షాలకు పేర్లు పెట్టుకొనే సౌకర్యాన్ని కల్పిస్తాయి. పైన అ, ఆ, వ అనే పేర్లు పెట్టుకొన్నదీ ఆ సౌకర్యం కోసమే. పేర్లు తీసివేసినా గణన చెడదు. చదివే మనిషికి మాత్రమే కష్టం పెరుగుతుంది.

ప్రయోజనం

ఇంత చిన్న భాషను నేర్చుకోవడం వలన విద్యార్థికి కలిగే లాభం ఏమిటి? ఉద్యోగానికి అవసరమైన ప్రోగ్రామింగ్ భాషలు వేరే ఉన్నాయి. అవి ఎన్నో సౌకర్యాలతో, ఎన్నో నియమాలతో నిండి ఉంటాయి. ఆ సౌకర్యాలలో ఏది గణనకు ప్రాణం, ఏది అలంకారం అన్నది వాటిని నేర్చుకొనేటప్పుడు స్పష్టంగా తెలియదు. వృక్షగణనంలో అలంకారం లేదు. వదలివేయడం, రెండుచోట్ల వాడుకోవడం, ఆకారాన్ని చూసి నిర్ణయించడం అనే మూడు పనులే మిగిలాయి. ఎంత గొప్ప గణనైనా ఈ మూడింటి కలయికేనని తెలిసినప్పుడు కంప్యూటర్ పట్ల ఉండే అకారణమైన భయం తగ్గి, అవగాహన పెరుగుతుంది.

మరొక లాభం భాషకు సంబంధించినది. ప్రసిద్ధ ప్రోగ్రామింగ్ భాషలలో ఎక్కువ భాగం ఆంగ్లపదాలను ఆధారం చేసుకొన్నవే. పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి గణన కన్న ముందు ఆ పదాలే అడ్డుగోడగా నిలుస్తాయి. విషయం తెలియక వెనుకబడటం వేరు, విషయాన్ని చెప్పిన భాష తెలియక వెనుకబడటం వేరు. △ అనే గుర్తు ఏ దేశభాషకూ చెందదు. పాలకొండలోని విద్యార్థీ, గోటింగెన్‌లోని విద్యార్థీ దాని ముందు సమానులే. ఈ అయిదు సూత్రాలనూ ఒక తెల్లకాగితంపై రాసుకొని, పెన్సిలు చేతపట్టి, కంప్యూటర్ లేకుండానే గణన చేయవచ్చు. వివరణ మాత్రం ఎవరి భాషలో వారికి అందాలి. సూత్రాల క్లుప్తత, సమాసాల కలయిక, గురులఘువుల గుర్తింపు, శ్లేషలోని అర్థద్వయం తెలిసిన తెలుగు విద్యార్థికి ఈ వివరణను అందుకొనే సామగ్రి తన పాఠాలలోనే ఉన్నది.

విజయనగరంలో 2022లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయం గురజాడ పేరును ధరించింది. సాంకేతిక విద్యకూ తెలుగు సాహిత్యానికీ సంబంధం పేరుతోనే ఆగిపోనవసరం లేదు. గిడుగు కాలంలో సవర భాష తన నిర్మాణాన్ని తెలుసుకోవడానికి పరభాష సాయం కోరవలసి వచ్చింది. గణన శాస్త్రాన్ని తెలుసుకోవడానికి తెలుగు విద్యార్థి ఎల్లకాలం అదే స్థితిలో ఉండిపోకూడదు. ఒకే గుర్తు గల భాష తనను తాను చదువుకోగలిగినప్పుడు, వేయేళ్ల సాహిత్యమున్న భాష ఆ విద్యను తన మాటలలో చెప్పుకోగలగడం కష్టమేమీ కాదు.